షుగరు ఉన్న ఇంట్లో బీపీ మిషన్: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

షుగరు ఉన్నవారు ఇంట్లో అప్పుడప్పుడు బీపీ చూసుకోవడం మంచిదని కిందటి సంచికలో ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఎలా చూసుకోవాలో రాయకపోవడం నా పొరపాటేనని ఆ తర్వాత వచ్చిన ఉత్తరాలు చదివాక తెలిసింది. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నుంచి వచ్చిన వాటిలో ఆరింటికి ఈసారి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 63. షుగరు వచ్చి 14 ఏళ్లయింది, ఆరేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. కిందటి వారం హాస్పిటల్లో చూస్తే 156/92 వచ్చింది. ఇంటికొచ్చి, కొత్తగా కొన్న మిషన్‌తో చూసుకుంటే 148/88, వెంటనే మళ్లీ చూస్తే 139/84, మూడోసారి 133/80. చాప మీద కూర్చుని, మిషన్‌ను ఎదురుగా నేల మీద పెట్టుకుని చూసుకుంటాను. ఒకే మనిషికి పది నిమిషాల్లో ఇన్ని బీపీలు ఉంటాయా? మిషన్ చెడిందా? ఏ అంకెను నమ్మాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మీ మిషన్ చెడిపోయిందని ఈ అంకెలను బట్టి చెప్పలేము. బీపీ అనేది ఎత్తులాగా నిలకడగా ఉండే కొలత కాదు. మాట్లాడితే పెరుగుతుంది, మూత్రం ఆపుకుంటే పెరుగుతుంది, మెట్లెక్కి వచ్చి కూర్చున్న వెంటనే చూసినా పెరుగుతుంది. పట్టీ మొదటిసారి జబ్బను బిగించినప్పుడు కలిగే చిన్న కంగారుకే కొందరికి అంకె ఎక్కుతుంది, రెండోసారికో మూడోసారికో ఆ కంగారు తీరి దిగుతుంది. మీకు జరిగిందీ అదే అనుకుంటాను. కాబట్టి ఆ మూడింటిలో నచ్చినదాన్ని ఎంచుకుని నమ్మడం కుదరదు. కావలసింది వారం రోజుల సగటు.

అంతకన్నా ముందు మీ చాప సంగతి చూడాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని, వీపుకు ఆనుడు లేకుండా, చేతిని ముందుకు కిందికి చాచి చూసుకుంటే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, దానికింద చేయి దేనిమీదైనా ఆని ఉండాలి. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2024లో ఇదే విషయాన్ని కొలిచి చూశారు. చేతిని బల్ల మీద ఆనించినప్పటికంటే, ఒళ్లో పెట్టుకున్నప్పుడు పై అంకె సుమారు 4, పక్కకు వేలాడదీసినప్పుడు 6 నుంచి 7 ఎక్కువగా వచ్చింది. ఆ ఏడు అంకెలే ఒక్కోసారి మాత్ర పెంచాలా వద్దా అన్నది తేల్చేస్తాయి.

మన ఇళ్లలో ఉండే ప్లాస్టిక్ కుర్చీని గోడకు చేర్చి వేసుకోండి. వీపు పూర్తిగా ఆనాలి, పాదాలు రెండూ నేలకు తగలాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. ఆ కుర్చీ చేతులు చాలావరకు పొట్టిగా ఉంటాయి గనుక, మడిచిన దుప్పటి ఒకటి దానిమీద వేసి మోచేతిని ఆనిస్తే, పట్టీ సరిగ్గా గుండెకు సమంగా వస్తుంది. పక్కన స్టూలు, దానిమీద దిండు ఉన్నా సరిపోతుంది. చొక్కా చేతిని పైకి మడిస్తే అది జబ్బను బిగిస్తుంది కాబట్టి చేతిని బయటికి తీసేసి, పట్టీని ఒంటికి నేరుగా చుట్టండి. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి. కాఫీ, చుట్ట, నడక అయిన తర్వాత అరగంట ఆగాలి. కూర్చున్నాక ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉండాలి. టీవీలో వార్తల చర్చ నడుస్తుండగా చూసుకున్న బీపీని నేనైతే లెక్కలోకి తీసుకోను.

పొద్దున లేచిన గంటలోపు, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ తాగక ముందు, మాత్రలేవీ వేసుకోక ముందు ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసుకోండి. మాత్రకు ముందే ఎందుకంటే, నిన్న వేసుకున్న మాత్ర ఈ పొద్దున దాకా పనిచేస్తున్నదీ లేనిదీ అప్పుడే బయటపడుతుంది. అదే సమయంలో వేలు పొడిచి షుగరు కూడా చూసుకునే అలవాటుంటే, బీపీ ముందు చూసుకుని సూది తర్వాత పొడుచుకోండి. సాయంత్రం, రాత్రి భోజనానికి ముందు, మళ్లీ రెండుసార్లు. ఇలా ఏడు రోజులు చేసి మొదటి రోజు అంకెలను కొట్టేయండి, అవి చేయి అలవాటు పడే అంకెలు. మిగిలిన ఆరు రోజులకు 24 కొలతలుంటాయి. పై అంకెలన్నీ కూడి 24తో భాగించండి, కింది అంకెలకూ అలాగే చేయండి. మీరు ఏ సబ్జెక్టు చెప్పేవారో రాయలేదు గానీ ఇది మీకు కష్టమైన లెక్క కాదు. బాగున్న అంకెలు మాత్రమే రాసి, బాగాలేనివి వదిలేయడం మాత్రం వద్దు. నా దగ్గరికి వచ్చే పుస్తకాల్లో అన్నీ 0తో, 5తో ముగిసే అంకెలు వరసగా కనిపిస్తే, అవి మిషన్ చెప్పినవి కావనీ మనిషి సర్దినవనీ వెంటనే తెలిసిపోతుంది.

హాస్పిటల్లో 140/90కి ఇంట్లో 135/85 సమానమని లెక్క. షుగరు ఉన్నవారికి డాక్టర్లు సాధారణంగా పెట్టే లక్ష్యం 130/80 కన్నా తక్కువ. వయసు, కళ్లు తిరగడం, కిడ్నీల స్థితి చూసి ఈ లక్ష్యాన్ని కొంత సడలిస్తారు. ఇంత పట్టుదల ఎందుకంటారా? బ్రిటన్‌లో 1148 మంది మీద జరిపి 1998లో వెలువరించిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, షుగరుతో పాటు బీపీ ఉన్నవారిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టులో సగటు బీపీ 144/82 దగ్గర, రెండో జట్టులో 154/87 దగ్గర ఆగింది. తేడా పది అంకెలే అయినా మొదటి జట్టులో పక్షవాతం 44 శాతం, షుగరు కారణంగా సంభవించే మరణాలు 32 శాతం తగ్గాయి. షుగరు అంకె కోసం మనం పడే ఆరాటంలో సగమైనా బీపీ మీద పెట్టాలని నేను పోరుతుండేది ఇందుకే.

మీ వారం సగటు 130 లోపు ఉండి హాస్పిటల్లో మాత్రమే పెరుగుతుంటే, దాన్ని తెల్లకోటు బీపీ అంటాము, మాత్ర పెంచడానికి తొందరపడనవసరం లేదు. దీనికి తిరగబడిన రకం ఇంకొకటి ఉంది. హాస్పిటల్లో బాగుంటుంది, ఇంట్లో ఎక్కువగా ఉంటుంది. ఈ దాగిన బీపీ షుగరు ఉన్నవారిలో తక్కువేమీ కాదు, ఇంట్లో చూసుకోకపోతే ఏళ్ల తరబడి ఎవరికీ తెలియదు. ఏ రకమైనా సరే, ఆ కాగితాన్నీ మిషన్‌నూ మీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అత్తగారికి 71 ఏళ్లు, 20 ఏళ్లుగా షుగరు. అరికాళ్ల మంటలు ఉన్నాయి. కూర్చోబెట్టి చూస్తే బీపీ 146/78 ఉంటోంది. తెల్లవారుజామున మంచం దిగగానే కళ్లు తిరిగి రెండుసార్లు పడబోయారు. బీపీ ఎక్కువై తిరుగుతున్నాయి, మాత్ర పెంచమని అడుగుదామంటారు మావారు. మాత్ర వల్లే తిరుగుతున్నాయి, ఆపేద్దామంటుంది మా ఆడపడుచు. ఎవరి మాట వినాలి?
— ఒక గృహిణి, శ్రీకాళహస్తి

జవాబు: ఇద్దరి మాటా ఇప్పుడే వద్దమ్మా. ఆవిడను నిలబెట్టి ఒకసారి బీపీ చూడండి. షుగరు ఉన్నవారి ఇంట్లో మిషన్‌తో జరగాల్సిన పనుల్లో ఎక్కువమంది చేయనిది ఇదే.

మనం లేచి నిలబడగానే ఒంట్లోని రక్తంలో అర లీటరుకు పైగా కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. వెంటనే నరాలు రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి, తలకు రక్తం తగ్గకుండా చూస్తాయి. ఏళ్ల తరబడి షుగరు ఉంటే ఆ పని చేసే నరాలు దెబ్బతింటాయి. అరికాళ్లు మండించే నరాల జబ్బుకు ఇది తోబుట్టువే. అప్పుడు కూర్చుంటే 146 ఉన్న మనిషికే నిలబడితే 112కు పడిపోవచ్చు. ఆవిడకు బీపీ ఎక్కువా, తక్కువా అని మీ ఇంట్లో జరుగుతున్న వాదనలో రెండు పక్షాలూ నిజం కావచ్చు.

చూసే పద్ధతి ఇది. పొద్దున మంచం మీదే ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి ఒకసారి చూడండి. పట్టీ విప్పకుండానే మెల్లగా లేపి నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడండి. నిలబడినప్పుడు చేయి కిందికి వేలాడితే అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది, పడిపోయిన బీపీ కనబడకుండా పోతుంది. అందువల్ల మీరు ఎదురుగా నిలబడి ఆవిడ మోచేతిని మీ అరచేతిలో పెట్టుకుని గుండె ఎత్తుకు మోయండి, లేదా బీరువా అరమీద చేయి ఆనించండి. వెనకాల మంచం ఉండాలి, పక్కన మరో మనిషి ఉండాలి. కళ్లు తిరుగుతున్నాయని ఆవిడ అంటే కొలత ఆపేసి కూర్చోబెట్టేయండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ తగ్గితే, దాన్ని కాగితం మీద "పడుకుని", "నిలబడి" అని విడివిడిగా రాసి డాక్టరుకు చూపించండి.

ఆవిడ వేసుకునే మాత్రలన్నీ వెంట తీసుకెళ్లండి, బీపీవి మాత్రమే కాదు. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీటి మాత్రలు, నిద్ర మాత్రలు, కొన్ని నరాల మాత్రలు కూడా నిలబడితే బీపీ పడిపోయేలా చేస్తాయి. షుగరు బాగా ఎక్కువై మూత్రం ఎక్కువగా పోతున్నా ఒంట్లో నీరు తగ్గి ఇలాగే జరుగుతుంది. ఈలోగా మంచం దిగేముందు అంచున కూర్చుని కాళ్లు వేలాడదీసి, మడమలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించి, రెండు నిమిషాలయ్యాక లేవమనండి. మాత్రను మీ అంతట మీరు ఆపకండి. కొన్ని బీపీ మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ప్రశ్న: మణికట్టుకు కట్టుకునే చిన్న మిషన్ చూశాను, వాడడానికి సులువుగా ఉంది. నా చేయి లావు, జబ్బకు కట్టే పట్టీ సరిగ్గా అంటుకోవడం లేదు. మణికట్టుది కొనవచ్చా?
— పలమనేరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పట్టీ అంటుకోకపోతే మార్చాల్సింది పట్టీని. భుజం ఎముకకు, మోచేతికి సరిగ్గా మధ్యన టైలరు టేపుతో చుట్టుకొలత తీయండి. మిషన్‌తో వచ్చే మామూలు పట్టీ చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల జబ్బకు సరిపోతుంది, ఆ అంకెలు పట్టీ మీదే అచ్చువేసి ఉంటాయి. అంతకు మించితే పెద్ద పట్టీ విడిగా అడిగి కొనుక్కోవాలి. లావు చేతికి చిన్న పట్టీ బిగిస్తే పై అంకె 5 ఎక్కువ రావచ్చు, చేయి మరీ లావైతే 20 దాకా కూడా తేడా వస్తుంది. లేని బీపీకి మందు మింగే పరిస్థితి ఇలాగే వస్తుంది. మణికట్టు మిషన్లు చేతిని గుండెకు ఎంత సమంగా పట్టుకున్నామన్న దానిమీద మరీ ఆధారపడతాయి. పెద్ద పట్టీ కూడా చాలని చేతికి తప్ప నేను వాటిని చెప్పను. వేలికి పెట్టుకునేవి అసలే వద్దు. ఫోనుకు కలిసే సదుపాయానికి ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు. ఏడాదికోసారి మిషన్‌ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి అక్కడి మిషన్‌తో పోల్చి చూసుకోవడం మాత్రం మరవకండి. గుండె లయ తప్పిందన్న గుర్తు తెరమీద పదేపదే వస్తుంటే, అది మిషన్ లోపమని తోసేయకుండా ఈసీజీ తీయించండి.

ప్రశ్న: ఎడమ చేయి విరిగి పుత్తూరు కట్టు కట్టించుకున్నాను. నాకు షుగరు, బీపీ ఉన్నాయి. కుడి చేతికి చూసుకుంటే తప్పు వస్తుందా? ఎప్పుడూ ఎడమ చేతికే చూస్తారు కదా.
— పుత్తూరు దగ్గరి రైతు

జవాబు: ఎడమ చేతికే చూడాలన్న నియమమేమీ లేదు. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే ఆ తర్వాత వాడాలన్నది సరైన పద్ధతి. 10 కన్నా ఎక్కువ తేడా ఉంటే డాక్టరుకు చెప్పాలి. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చేతికి మాత్రం పట్టీ ఎప్పుడూ కట్టకూడదు. మీరు కుడి చేతికి నిశ్చింతగా చూసుకోండి. మీరు అడగని మాట ఒకటి చెబుతాను. కట్టు నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి అడిగి తెచ్చుకుని రోజులకు రోజులు వేసుకుంటున్నట్లయితే, అవి బీపీని పెంచుతాయి, షుగరుతో ఇప్పటికే అలసిన కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. మీ కుడి చేతి అంకె పెరిగిందంటే మొదట ఆ మాత్రల మీద అనుమానపడండి.

ప్రశ్న: వచ్చే నెల అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. వయసు 55, షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుంటాను, ఇంట్లో బీపీ 130/80 వస్తోంది. ఉపవాసంతో ఎక్కాలని ఉంది. మిషన్ వెంట తీసుకెళ్లి గాలిగోపురం దగ్గర చూసుకోమంటారా?
— చంద్రగిరి నుంచి ఒక భక్తుడు

జవాబు: మిషన్ ఇంట్లోనే ఉంచండి. మెట్లెక్కుతూ ఉంటే ఆరోగ్యవంతుడికైనా పై అంకె 160, 180 దాటుతుంది, ఆగి కూర్చున్నాక మామూలుకన్నా కిందికి కూడా దిగుతుంది. గాలిగోపురం దగ్గర వచ్చే అంకెను చూసి మీరు భయపడడమో, ధైర్యం తెచ్చుకోవడమో తప్ప అది దేనికీ పనికిరాదు. మీకు అక్కడ అక్కరకొచ్చేది గ్లూకోమీటరు, జేబులో గ్లూకోజు పొడి. గ్లిమెపిరైడ్ వేసుకుని, ఏమీ తినకుండా 3,550 మెట్లు ఎక్కడమంటే షుగరు పడిపోవడానికి మీరే దారి వేసినట్టు. ఉపవాసం చేస్తే ఆ రోజు మాత్ర ఏం చేయాలో డాక్టరును ముందే అడగండి. ఛాతీలో బరువు, ఆయాసం ఎప్పుడైనా కనిపించి ఉంటే గుండె పరీక్ష చేయించుకోకుండా నడక పెట్టుకోకండి. వట్టి కాళ్లతో ఎక్కుతారు గనుక పైకి చేరాక అరికాళ్లు అద్దంలో చూసుకోండి, స్పర్శ తగ్గిన కాళ్లకు బొబ్బలు లేచినా తెలియదు.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, షుగరుకు ఇన్సులిన్, బీపీకి రెండు మాత్రలు. కిందటి వారం రాత్రి రెండు గంటలకు ఒళ్లంతా చెమటలు పట్టి లేచారు. బీపీ చూస్తే 178/96. భయపడి, తెలిసినాయన ఒకరు చెప్పారని నాలుక కింద ఒక మాత్ర పెట్టాము. పొద్దునకు బాగానే ఉన్నారు. మేము చేసింది సరైనదేనా?
— బంగారుపాళెం నుంచి ఒక కొడుకు

జవాబు: ఆయన బాగున్నారు, సంతోషం. కానీ ఇంకోసారి అలా చేయకండి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో నిఫెడిపిన్ గొట్టం మాత్రను సూదితో పొడిచి నాలుక కింద పిండడం మాకూ అలవాటే. బీపీ నిమిషాల్లో దిగేది, ఇంటివాళ్లు దండం పెట్టేవారు. అంత వేగంగా పడితే మెదడుకు, గుండెకు రక్తం చాలక పక్షవాతమో గుండెపోటో రావచ్చని తేలాక ఆ పద్ధతిని వదిలేశారు. ఊళ్లలో మాత్రం అది ఇంకా పోలేదు.

ఇన్సులిన్ తీసుకునే మనిషి అర్ధరాత్రి చెమటలతో లేస్తే మీ చేయి మొదట వెళ్లాల్సింది గ్లూకోమీటరు మీదికి. షుగరు పడిపోతున్నప్పుడు శరీరం కంగారుపడి అడ్రినలిన్ వదులుతుంది, దాంతో చెమట పడుతుంది, పై అంకె పెరుగుతుంది. అంటే ఆ 178 అసలు జబ్బు కాకపోవచ్చు, పడిపోయిన షుగరుకు శరీరం పెట్టిన కేక కావచ్చు. షుగరు 70 కన్నా తక్కువుంటే, తెలివిలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. తెలివి తప్పి ఉంటే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి. షుగరు సర్దుకున్న అరగంటకు బీపీ చూస్తే చాలావరకు అదే దిగి ఉంటుంది.

షుగరు బాగానే ఉండి కూడా చెమటలు ఆగకపోతే, ఛాతీలో ఏ నొప్పీ లేదని ఆగిపోకండి. షుగరు ఉన్నవారికి గుండెపోటు నొప్పి లేకుండా, చెమటగానో ఆయాసంగానో మాత్రమే రావచ్చు. బీపీ ఎంతున్నా 108 పిలవండి. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకర పోవడం, మాట ముద్దగా రావడం, చేయీ కాలూ పడిపోవడం కనిపించినా అంతే, వాటికి ఏ అంకెతోనూ పనిలేదు. ఈ లక్షణాలేవీ లేకుండా 180/120 దాటితే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ దిగకపోతే ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి.

ఆయన రెండు బీపీ మాత్రల పేర్లు మీరు రాయలేదు. వాటిలో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటిది ఒకటుంటే, షుగరు పడినప్పుడు వచ్చే గుండెదడను అది కప్పిపెడుతుంది, చెమట మాత్రం పడుతుంది. అందుకే చెమటను తేలిగ్గా తీసుకోకూడదు. ఆ రాత్రి ఆయన ఎన్ని గంటలకు తిన్నారు, ఎంత తిన్నారు, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు వేసుకున్నారు అన్నవి గుర్తుచేసుకుని, బీపీ రాసిన కాగితం మీదే ఆ తేదీ పక్కన రాసి ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నాలుక కింద పెట్టిన మాత్ర పేరు కూడా దానిమీద రాయండి.